ఈల ఎవరి పక్షం?

ఈ సంవత్సరపు సంచికకు ఏదైనా రాసి పంపమని విద్యార్థి సంఘం తమ్ముళ్లు అడిగినప్పుడు మొదట కరువు మీద రాద్దామనుకున్నాను. అనంతపురం వాడై పుట్టి కరువు మీద రాయకపోతే ఏదో తప్పు చేసినట్టుంటుంది. కానీ ఆ విషయం మీద నాకంటే తెలిసినవారు ప్రతి సంచికలోనూ రాస్తూనే ఉన్నారు. అందుచేత నాకు కొంచెం తెలిసినదీ, చేతులు కొంచెం కాల్చుకున్నదీ అయిన సంగతి ఒకటి ఎన్నుకున్నాను. ఫుట్‌బాల్ ఆటలో రెఫరీ ఊదే ఈల, అందునా పెనాల్టీ ఈల. ఇదేమి వ్యాస విషయమయ్యా అని అధ్యాపకులు నవ్వుకోవచ్చు. ఒక్క ఈల వల్ల రెండు ఊళ్ల పిల్లలకు రెండేళ్లపాటు ఆడుకునే చోటు లేకుండా పోయిందంటే నవ్వరనుకుంటాను. ఆ ఈల ఊదినవాణ్ని నేనే. ఆ సంగతి చివర చెబుతాను. దానికి ముందు ఆట నిబంధనలు కొంత తెలిస్తే గానీ నా తప్పు ఎక్కడుందో అర్థం కాదు.

అనంతపురం నుంచి గుత్తి వైపు జాతీయ రహదారి మీద పోతే ఇరవై కిలోమీటర్లకు అటూ ఇటూగా మా గార్లదిన్నె వస్తుంది. బస్సులో కునుకు తీసేవారికి ఎప్పుడు దాటిపోయిందో కూడా తెలియదు. పెనకచర్ల డ్యాం మా మండలంలోనే ఉంది. అయినా డ్యాం పక్కనున్నంత మాత్రాన మైదానంలో గడ్డి మొలవదు కదా. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర వాన పడే జిల్లా మనది. మా వైపు మైదానమంటే వేరుశనగ వేయకుండా వదిలేసిన ఎర్రమట్టి బీడు. గులకరాళ్లు ఏరేసి, నాలుగు కర్రలు పాతి, సున్నంతో గీతలు గీస్తే అదే మా స్టేడియం.

క్రికెట్ దేశంలో గార్లదిన్నె పిల్లలకు ఫుట్‌బాల్ పిచ్చి ఏమిటని మన హాస్టల్లోనే ఒక కోస్తా మిత్రుడు అడిగాడు. దానికి కారణం ఉంది. స్పెయిన్ దేశంలోని బార్సిలోనాలో పుట్టిన విన్సెంట్ ఫెర్రర్ 1969లో అనంతపురం వచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు స్థాపించారు. 2009లో ఆయన కన్నుమూసేవరకూ ఇక్కడే ఉన్నారు. ఆ ట్రస్టు పెట్టిన స్పోర్ట్స్ విలేజ్ వల్లా, ఆ దేశపు లా లిగా వారి సహకారం వల్లా పల్లె పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఫుట్‌బాల్ అలవాటయింది. బంతితోబాటు అభిమానం కూడా దిగుమతి అయింది. మా ఊరి టీ అంగడి దగ్గర రెండు పార్టీలుండేవి. ఎన్నికల పార్టీలు కావు. ఒకటి బార్సిలోనా, ఇంకొకటి రియల్ మాడ్రిడ్. నేను బార్సిలోనా. మా చిన్నాయన కొడుకు, నాకంటే నాలుగేళ్లు చిన్నవాడు, మాడ్రిడ్. ఒకే జేజి చేతి ముద్ద తిన్నవాళ్లం ఈ విషయంలో మాత్రం ఒకరి మొగం ఒకరు చూసుకునేవాళ్లం కాదు.

ఆ టీ అంగడి దగ్గర నేను విన్న రెండు వాదాలు చెబుతాను.

2017 మార్చి 8న బార్సిలోనా జట్టు పారిస్ జట్టుతో ఆడింది. పారిస్‌లో జరిగిన మొదటి ఆటలో 0–4తో ఓడి ఉన్నారు గనక ఈ ఆటలో అద్భుతం జరిగితే తప్ప దారి లేదు. మనకు అర్ధరాత్రి దాటి ఒంటిగంటకు పైమాటే. ఆట ముగియవచ్చే సమయాన సువారెజ్ పెనాల్టీ ఏరియాలో పడిపోయాడు. వెనకనుంచి మార్కిన్యోస్ చేయి తగిలింది. జర్మన్ రెఫరీ ఐతెకిన్ ఈల ఊదాడు. నెయ్‌మార్ గోల్ కొట్టాడు. 95వ నిమిషంలో సెర్జీ రొబెర్తో మరొకటి వేశాడు. 6–1తో గెలిచి బార్సిలోనా ముందుకు పోయింది. మరుసటి పొద్దున అంగడి దగ్గర మా తమ్ముడు ఒకటే కేక: "యాడ తగిలిందన్నా? గాలికి పడినాడు. నాటకం! ఆఖరి నిమిషంలో ఎవడన్నా పెనాల్టీ ఇస్తాడా?" నేను పెద్దమనిషి తరహాగా, "తగిలింది తగిలినట్టే. రూలంటే రూలే. మొదటి నిమిషానికొకటి, ఆఖరి నిమిషానికొకటి ఉండదు" అన్నాను.

సరిగ్గా పదమూడు నెలలు గడిచాయి. 2018 ఏప్రిల్ 11న రియల్ మాడ్రిడ్ వారు తమ సొంత మైదానంలో ఇటలీ జట్టు జువెంటస్‌తో ఆడుతున్నారు. మొదటి ఆటలో 3–0తో గెలిచినవారు ఈ ఆటలో 0–3తో వెనకబడి, లెక్క సమానమైంది. తొంభై నిమిషాలు దాటినాక లూకాస్ వాస్కెజ్ గోలు ముందర బంతి అందుకోబోతుండగా వెనకనుంచి బెనాతియా మీదపడ్డాడు. ఇంగ్లండు రెఫరీ మైకేల్ ఆలివర్ పెనాల్టీ ఇచ్చాడు. గోల్‌కీపర్ బుఫాన్ ఆవేశపడితే ఎర్రకార్డు చూపాడు. రొనాల్డో గోల్ కొట్టాడు. మాడ్రిడ్ 4–3 మొత్తంతో గట్టెక్కింది. పొద్దున్నే నేనేమన్నానో ఊహించగలరు. "యాడ తగిలిందిరా? బాల్‌కే పోయినాడు. ఆఖరి నిమిషంలో ఎవడన్నా పెనాల్టీ ఇస్తాడా?" మా తమ్ముడు టీ గ్లాసు కింద పెట్టి నింపాదిగా, "రూలంటే రూలే అన్నా" అన్నాడు.

అంగడాయన నవ్వి నవ్వి పాలు పొంగబెట్టుకున్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. పదమూడు నెలల కింద తమ్ముడన్న మాటలు అక్షరం పొల్లుపోకుండా నా నోట వచ్చినయి. నేను అబద్ధమాడటం లేదు. నాకు నిజంగానే అది పెనాల్టీగా కనబడలేదు. కిందటిసారి తమ్ముడికీ నిజంగానే కనబడలేదేమో! ఆ అనుమానంతోనే యూనివర్సిటీ లైబ్రరీలో ఆట నిబంధనలు, మనస్తత్వ శాస్త్రం తిరగేయటం మొదలుపెట్టాను. ఎం.ఏ. పరీక్షలకు అంత శ్రద్ధగా చదివి ఉంటే క్లాసు వచ్చేది.

మొదట నిబంధన సంగతి. ఫుట్‌బాల్‌కు పదిహేడు నిబంధనలున్నాయి. ఫౌళ్ల సంగతి చెప్పేది పన్నెండవది. చాలామంది అభిమానులు "తగిలిందా, లేదా" అని వాదిస్తారు. నిబంధన అడిగే ప్రశ్న అది కాదు. ఫుట్‌బాల్‌లో ఒళ్లూ ఒళ్లూ తగలటం తప్పు కాదు. తగిలిన తీరు చూడాలి. ఎదుటివాడి సంగతి పట్టించుకోకుండా అజాగ్రత్తగా మీదపోతే ఫౌల్. వాడికేమైనా ఫరవాలేదని తెగించి పోతే ఫౌల్‌తోబాటు పసుపుకార్డు. మితిమీరిన బలంతో, దెబ్బ తగిలేటట్టుగా పోతే ఎర్రకార్డు. రక్షణ చేసేవాడు తన పెనాల్టీ ఏరియాలో, డైరెక్ట్ ఫ్రీకిక్ ఇవ్వదగిన ఇట్లాంటి ఫౌల్ చేస్తే అదే పెనాల్టీ. గోలుకు పన్నెండు గజాల దూరాన బంతి పెట్టి, గోల్‌కీపర్ ఒక్కడిని నిలబెట్టి తన్నటం. గోల్‌కీపర్‌కు ఎనిమిది గజాల వెడల్పు, ఎనిమిది అడుగుల ఎత్తు కాపలా. నాలుగింట మూడు గోలవుతాయి. అంటే రెఫరీ పెనాల్టీ ఊదినాడంటే ముక్కాలు గోల్ ఇచ్చినట్టే. అభిమానుల రక్తం ఉడుకటం ఇందుకే.

ఇందులో "అజాగ్రత్త" అన్న మాట చూడండి. దీన్ని కొలిచే తక్కెడ లేదు. బంతి గీత దాటిందా అంటే చూసి చెప్పవచ్చు. అజాగ్రత్తగా పోయినాడా అంటే చూసినంత మాత్రాన చాలదు, తీర్పు చెప్పాలి. చేతికి బంతి తగిలినప్పుడు ఇంకా చిక్కు. కావాలని తాకితే తప్పు అన్నది పాతమాట. చేయి ఒంటికి సహజంగా ఉండవలసిన తీరున కాకుండా చాపి, ఒంటిని పెద్దది చేసి బంతిని ఆపినా తప్పే. చేయి ఎక్కడ మొదలవుతుందన్న దానికి చంక కింది భాగం హద్దని 2020లో రాతపూర్వకంగా చెప్పవలసి వచ్చింది! శరీర శాస్త్రజ్ఞులు తేల్చవలసిన సంగతి ఆట నిబంధనల్లోకి వచ్చిందంటే గొడవ ఎంతదాకా పోయిందో చూడండి.

ఈ పెనాల్టీ ఆటతోబాటు పుట్టింది కాదు. ఐర్లండులో మిల్‌ఫర్డ్ అన్న ఊళ్లో విలియం మెక్రమ్ అనే గోల్‌కీపర్ ఉండేవాడు. గోలు ముందర కావాలని ఎదుటివాణ్ని పడగొట్టి గోల్ తప్పించుకునేవారిని చూసి చూసి, దీనికి తగిన శిక్ష ఉండాలని ఆయన ప్రతిపాదించాడు. పెద్దింటి ఆటగాళ్లు మండిపడ్డారు. మర్యాదస్థులు కావాలని తప్పు చేస్తారా, ఇది మాకు అవమానం అన్నారు. అయినా 1891 జూన్ 2న నిబంధన పాసైంది.

అదే ఏడు ఇంకొక మార్పు వచ్చింది. అప్పటిదాకా రెఫరీ మైదానం బయటనే ఉండేవాడు. లోపల ఇద్దరు అంపైర్లు, జట్టుకొకడు. ఆటగాళ్లు అడిగితేనే వాళ్లు తీర్పు చెప్పేవాళ్లు. వాళ్లిద్దరికీ కుదరకపోతే బయటున్న రెఫరీకి నివేదించాలి. రెఫర్ చేయబడేవాడు గనకనే రెఫరీ. 1891లో ఆయన ఈలతో లోపలికి వచ్చాడు, అంపైర్లు గీతల దగ్గరికి పోయి లైన్‌మెన్లయ్యారు. ఇది చదివినప్పుడు మా ఊరే గుర్తొచ్చింది. మా పల్లె పోటీల్లో నేటికీ లైన్‌మెన్లు ఊరికొకడే. రెండు ఊళ్ల తరఫున ఇద్దరు అంపైర్లు, మధ్యన ఎటూ తేలని ఒక రెఫరీ. నూటపాతికేళ్ల కిందటి ఇంగ్లండును మేం గార్లదిన్నె బీట్లో కాపాడుతున్నామన్నమాట.

ఇక నన్ను పీడించిన ప్రశ్న. ఒకే ఆటను ఇద్దరు రెండు రకాలుగా ఎట్లా చూస్తారు? 1951లో అమెరికాలో ప్రిన్స్‌టన్, డార్ట్‌మత్ అనే రెండు కళాశాలల మధ్య వారి తరహా ఫుట్‌బాల్ ఆట జరిగింది. మొరటుగా జరిగి, ఒకరి ముక్కు, ఒకరి కాలు విరిగినయి. హాస్టార్ఫ్, కాంట్రిల్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఆ ఆట ఫిల్మును రెండు కళాశాలల విద్యార్థులకూ చూపించి, కనబడిన తప్పులన్నీ రాయమన్నారు. డార్ట్‌మత్ జట్టు తప్పులు డార్ట్‌మత్ విద్యార్థులకు సగటున 4.3 కనబడితే, ప్రిన్స్‌టన్ విద్యార్థులకు 9.8 కనబడ్డాయి. ఫిల్ము ఒకటే. కండ్లూ అందరివీ బాగానే ఉన్నాయి. వాళ్లు 1954లో ప్రచురించిన ఆ వ్యాసం నేటికీ పాఠ్యాంశమే. మనం కండ్లతో చూసి, తర్వాత మనసుతో పక్షం తీసుకుంటామనుకుంటాం. అట్లా కాదట. ఏది చూడాలో, దేన్ని లెక్కలోకి తీసుకోవాలో పక్షమే ముందుగా ఎంచిపెడుతుందట.

మరి రెఫరీకి పక్షం లేదు కదా అంటారు. పక్షం లేకపోయినా చెవులుంటాయి. 2002లో నెవిల్ అనే శాస్త్రజ్ఞుడూ ఆయన తోటివారూ నలభైమంది రెఫరీలకు ఒక ఆటలోని 47 సందర్భాలు చూపించారు. కొందరికి జనం అరుపులతో, కొందరికి నిశ్శబ్దంగా. అరుపులు విన్నవారు సొంత ఊరి జట్టు మీద 15.5 శాతం తక్కువ ఫౌళ్లు ఇచ్చారు. వాళ్లెవ్వరూ లంచం తినలేదు, ఎవరికీ చుట్టాలు కారు. చెవిన పడిన ఒక "ఓ" అన్న కేక చాలింది. కోవిడ్ రోజుల్లో ఖాళీ గ్యాలరీల ముందు ఆడినప్పుడు పరాయి ఊరి జట్లకు పసుపుకార్డులు తగ్గినయని తర్వాత లెక్కలు తేల్చాయి.

అయితే కెమెరా పెడితే సరిపోదా? పెట్టారు. వీడియో సహాయక రెఫరీ పద్ధతి 2018లో నిబంధనల్లో చేరి, ఆ ఏడు రష్యాలో జరిగిన ప్రపంచ కప్పులో మొదటిసారి వాడారు. దాన్ని అన్నింటికీ వాడరు. గోల్, పెనాల్టీ, నేరుగా ఇచ్చే ఎర్రకార్డు, ఒకడి బదులు ఇంకొకడికి కార్డివ్వటం, ఈ నాలుగు సందర్భాలకే ఏర్పడింది. అందులోనూ తప్పు "స్పష్టంగా, నిస్సందేహంగా" ఉంటేనే మార్చాలన్నారు. స్పష్టమన్నది ఎవరికి స్పష్టం? వాదం అక్కడికి మారింది, అంతే. ఇంకొక వింత. ఒకడు చేసిన పనిని నెమ్మదిగా తిప్పి చూపిస్తే, చూసేవారికి అది కావాలని చేసినట్టే తోస్తుందని 2016లో ఒక పరిశోధన వెలువడింది. కాలు ఎత్తి దించేలోపల ఆలోచించుకునేటంత వ్యవధి ఉన్నట్టు కనబడుతుంది గదా! అసలు ఆటలో అది రెప్పపాటు.

1986లో అజ్‌టెకా స్టేడియంలో మరడోనా చేతితో వేసిన గోల్ పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. కెమెరా ఉంటే అది గోల్ కాకపోవును, ఇందులో సందేహం లేదు. టునీషియా రెఫరీ బిన్ నాసర్ లైన్‌మన్ వైపు చూశాడు, బల్గేరియా లైన్‌మన్ జెండా ఎత్తలేదు. ఇట్లాంటి వాటికి యంత్రం మంచిదే. వాస్కెజ్, సువారెజ్ పడినట్టు పడినవాటికి మాత్రం ఎన్ని కెమెరాలున్నా టీ అంగడి ఉంటూనే ఉంటుంది.

ఇదంతా టీ అంగడి దగ్గరే ఆగితే సరదాయే. ఆగని రోజులున్నాయి. 1964 మే 24న పెరూ రాజధాని లీమాలో అర్జెంటీనాతో ఆట జరుగుతుండగా, ఆఖర్లో పెరూ వేసిన గోల్‌ను ఉరుగ్వే రెఫరీ పజోస్ కొట్టివేశాడు. జనం మైదానంలోకి దూకారు, పోలీసులు బాష్పవాయువు వదిలారు. తప్పించుకుపోదామని పరుగెత్తినవారికి గేట్లు మూసి ఉన్నాయి. అధికారిక లెక్కప్రకారం 328 మంది చనిపోయారు. మన దేశంలో 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ ఆటలో ఇద్దరు ఆటగాళ్ల మధ్య ఘర్షణ గ్యాలరీల్లోకి పాకి, తొక్కిసలాటలో 16 మంది అభిమానులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఉదయం ఇంట్లో చద్ది తిని ఆట చూడను పోయినవాళ్లు.

మనకు దగ్గరలోనూ ఒక ముచ్చట ఉంది. 2023 మార్చి 3న బెంగళూరు కంఠీరవ స్టేడియంలో బెంగళూరు జట్టు, కేరళ బ్లాస్టర్స్ నాకౌట్ ఆడుతున్నారు. అదనపు సమయంలో బెంగళూరుకు ఫ్రీకిక్ వచ్చింది. కేరళవాళ్లు అడ్డుగోడ కట్టుకునేలోపలే సునీల్ ఛెత్రీ తన్ని గోల్ చేశాడు. రెఫరీ క్రిస్టల్ జాన్ గోల్ ఇచ్చాడు. కేరళ జట్టు మొత్తం మైదానం వదిలి వెళ్లిపోయింది. వారికి 4 కోట్ల రూపాయల జరిమానా, కోచ్‌కు పది ఆటల నిషేధం పడింది. నిబంధన చెప్పేదేమంటే, ఫ్రీకిక్ వెంటనే తన్నే హక్కు దొరికినవాడిది. అయితే దూరం జరపమని రెఫరీని అడిగితే మాత్రం ఈల కోసం ఆగాలి. మరి ఇక్కడ అడిగాడా, లేదా? రెఫరీ వాళ్లను వెనక్కి జరుపుతున్నట్టు కనబడిందా, లేదా? అక్కడ పని చేసుకుంటున్న మనవాళ్లు ఈ సంగతి మీద రూములే మారిపోయారని విన్నాను.

రెఫరీలంటే ఆట రానివాళ్లని మనకొక చులకన. అందుకని ఒక్క పేరు చెప్పాలి. హైదరాబాదు సయ్యద్ అబ్దుల్ రహీం పేరు విననివారుండరు. ఆయన కోచ్‌గా ఉండగా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది, భారతదేశం 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చింది. ఆయన కుమారుడు షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్‌కు వెళ్లిన మన జట్టులో ఉన్నారు. వైమానిక దళంలో అధికారిగా ఉంటూ ఫిఫా రెఫరీ అయ్యారు. 1988లో కతార్‌లో జరిగిన ఆసియా కప్పులో ఈల ఊదారు. 2021లో పోయారు. తండ్రి కప్పులు మనకు నోటికి వస్తాయి. కొడుకు ఈల గుర్తున్నవారు తక్కువ. రెఫరీ బాగా చేసిన రోజున ఎవరికీ గుర్తుండడు మరి.

ఇక నా సంగతి. 2018 మే నెలాఖరున మా ఊరికీ పక్క ఊరికీ పోటీ పెట్టారు. బహుమానం ఒక పొట్టేలు. మైదానం మా చిన్నాయనవాళ్ల బీడు, రెండు ఊళ్లకూ మధ్యన ఉంటుంది. నిబంధనలు చదివినవాడినని నన్ను రెఫరీ చేశారు. సొంత ఊరివాడు వద్దని పక్క ఊరివాళ్లలో ఒకరిద్దరు గొణిగారు. వాళ్ల పెద్దమనిషి ఒకాయన, "చదువుకున్నోడప్పా, న్యాయంగా చేస్తాడు" అన్నాడు. ఆ మాట నా నెత్తికెక్కింది. ఆట మొదలుకాకముందే నేను న్యాయమూర్తినైపోయాను.

మా చిన్నాయన కొడుకు మా జట్టులో బ్యాక్ ఆడుతున్నాడు. ఇంకో పది నిమిషాలుందనగా వాళ్ల కుర్రాడొకడు బంతి తీసుకుని గోలు వైపు దూసుకొచ్చాడు. తమ్ముడు అడ్డం కాలు పెట్టినాడు. ఫౌలే, అందులో అనుమానం లేదు. ఎక్కడ అన్నదే ప్రశ్న. పెనాల్టీ ఏరియా గీత మీద జరిగినా పెనాల్టీయే, గీత ఏరియాలో భాగం. గీతకు బయట అయితే ఉత్త ఫ్రీకిక్. ఆ గీతేమో పొద్దున సున్నంతో గీసింది. మే నెలాఖరు గాలి మా వైపు ఎట్లుంటుందో ఎరుగుదురు. మధ్యాహ్నానికే సగం గీత ఎగిరిపోయి ఉంది. మిగిలింది కాళ్లకింద పడి పోయింది. నేను ఇరవై అయిదు అడుగుల వెనక ఉన్నాను, నా ముందర దుమ్ము. అటు లైన్‌మన్ వాళ్ల ఊరివాడు, జెండా ఎత్తి లోపల లోపల అని అరుస్తున్నాడు. ఇటు లైన్‌మన్ మావాడు, బయట బయట అంటున్నాడు.

నేను ఈల ఊది పెనాల్టీ చూపించాను.

వాళ్లు గోల్ కొట్టారు. 1–0. పొట్టేలు పక్క ఊరికి పోయింది. వాళ్లు నన్ను భుజాలమీద ఎత్తుకోబోయారు. అప్పుడు నాకు సిగ్గేసింది. ఇన్నాళ్లుగా అడుగుతున్నారు గనక రాస్తున్నాను. ఆ ఫౌల్ లోపల జరిగిందో బయట జరిగిందో నేను చూడలేదు. చూడనిదానికి ఈల ఊదకూడదు అన్నది రెఫరీకి మొదటి పాఠం. ఫౌల్ చూశాను గనక ఫ్రీకిక్ ఇవ్వాలి, అంతవరకే నా హక్కు. మరి ఎందుకిచ్చాను? తప్పు చేసింది నా తమ్ముడు గనక. ఫ్రీకిక్ ఇస్తే సొంతవాణ్ని కాపాడాడంటారని భయపడ్డాను. ప్రిన్స్‌టన్ విద్యార్థులు తమ పక్షాన చూశారు. నేను ఎదుటి పక్షాన చూశాను, న్యాయవంతుడినని పేరు కోసం. నెవిల్ చూపిన రెఫరీల చెవుల్లో జనం అరుపు పడింది. నా చెవిలో ఆ పెద్దమనిషి అన్న ఒక్క మాట పడింది. అనుమానపు లాభం తమ్ముడికి దక్కకుండా చేసి, దానికి నిష్పక్షపాతమని పేరు పెట్టుకున్నాను.

రాత్రి మా చిన్నాయన ఇంటికొచ్చి అరుగుమీద కూర్చున్నాడు. కేకలేయలేదు. "నువ్వు చూసినావా నాయనా?" అని ఒక్కమాట అడిగినాడు. అవునని గానీ కాదని గానీ అనలేకపోయాను. ఆయన లేచిపోయాడు. మూడోరోజు పొద్దున్నే బీడు చుట్టూ తుమ్మకంప కొట్టి వేయించాడు. మా ఊరి పిల్లలూ పోలేదు, వాళ్ల ఊరి పిల్లలూ పోలేదు. పెద్దపిల్లలు రహదారి పక్కన మోటార్లు పోయేచోట కొన్నాళ్లు ఆడి మానేశారు. కొత్తగా బంతి పట్టిన ఆడపిల్లలను మాత్రం ఇంట్లోవాళ్లు అంతదూరం పంపలేదు. ఒక్క ఏడాది ఆట తప్పినా ఆ వయసులో మళ్లీ రావటం కష్టం. అందులో ఇద్దరు తర్వాత మళ్లీ బంతి ముట్టలేదని తెలిసింది. నా మీద కోపం పిల్లల మీద చూపించవద్దని మా నాయన పోయి చెప్పినా చిన్నాయన వినలేదు. ఆయనదీ తప్పే, నేను కాదనను. కానీ కంపకు కారణం ఈలే.

2020లో బడులు మూసినప్పుడు పిల్లలే ఒకరోజు పొద్దుగూకేవేళ కంప లాగి పారేశారట. చిన్నాయన చూసి కూడా ఏమీ అనలేదట.

తమ్ముడూ నేనూ మాట్లాడుకుంటున్నాం. నేను ఇప్పటికీ బార్సిలోనాయే, వాడు మాడ్రిడ్డే. కిందటేడు ఒక పెళ్లికని ఊరికి పోతే, సాయంత్రం వాడు నన్ను బీటి దగ్గరికి పిలుచుకుపోయాడు. గోలు కర్రల నుంచి అడుగులు లెక్కబెట్టుకుంటూ వచ్చి, ఒకచోట రాయి పెట్టి, "గీత ఇదన్నా" అన్నాడు. ఇంకో రెండడుగులు వేసి ఇంకో రాయి పెట్టి, "నేను కాలు పెట్టింది ఇక్కడ" అన్నాడు. నువ్వు పెట్టుకున్న రాయే కదరా అన్నాను. "ఆ పొద్దు నిలబడిన చోటికి పోయి చూడు, నీకే తెలుస్తాది" అన్నాడు. పోయి నిలబడ్డాను. పడమట పొద్దు కండ్లలోకి కొడుతోంది. రెండు రాళ్లూ ఒకదాని వెనక ఒకటి కలిసిపోయి ఒకే రాయిలాగ ఉన్నాయి.

ఇంతలో ఆడుకునే పిల్లలొచ్చారు. ఒక చిన్నపాప బంతి చంకలో పెట్టుకుని, "అన్నా, ఆ రాళ్లు తీయండి, కాళ్లకు తగుల్తాయి" అంది.